రాజుకు పెట్టిన దండం

శ్రీకాకుళంలో చదరంగం సెలక్షన్లు జరుగుతున్న హాలు బయట నిలబడి ఉంటే, పక్కనున్నావిడ సంచిలోంచి ఎండుచేపల వాసన గుప్పుమంది. తాత చేపల పెట్టె మూత గుర్తొచ్చింది. లోపల నా కూతురు ఆఖరి ఆట ఆడుతోంది. ఓడకుండా ఉంటే చాలు, జిల్లా నుంచి రాష్ట్ర పోటీకి వెళ్లే ఇద్దరిలో తనొకతె అవుతుంది. అక్కడ గెలిస్తే జాతీయ పోటీ.

ఆ పెట్టె మూత మీదే తాత బొగ్గుతో అరవైనాలుగు గళ్లు గీశాడు. వేసవి మధ్యాహ్నాలు, వలలు ఆరేసిన ఇసుక కాళ్లు కాల్చేస్తుంటే, తాటాకు పందిరి కింద ముంజలు తింటూ, ఉప్పు వాసన వదలని వేళ్లతో మేమిద్దరం ఆడేవాళ్లం. వేటకు వెళ్లే ముందు పడవను తాకి కళ్లకద్దుకున్నట్టే, కష్టమైన ఎత్తు వచ్చినప్పుడల్లా తాత తన రాజును తాకి, వేళ్లు కళ్లకద్దుకుని, ఆ తర్వాతే ఆలోచించేవాడు. నాకూ అదే అబ్బింది.

పన్నెండేళ్లప్పుడు ఇవే సెలక్షన్లకు నన్ను తీసుకొచ్చాడు. ముట్టిన పావునే కదపాలని ముందే చెప్పారు. ఐదు ఆటలూ చెయ్యి బిగబట్టుకుని ఆడాను. ఆరోది డ్రా అయినా చాలు. ఎదురుగా ఉన్న పిల్ల ఏనుగుతో చెక్ చెప్పింది. నా గుర్రంతో ఆ ఏనుగును కొట్టేయొచ్చని నాకు కనిపించింది కూడా. కానీ గుండె దడలో నా చెయ్యి రాజు మీదకీ, అక్కణ్ణుంచి కళ్ల మీదకీ వెళ్లిపోయింది. ఆ పిల్ల చెయ్యెత్తింది. రిఫరీ వచ్చి రాజునే కదపాలన్నాడు. కదపడానికి ఒక్క గడే ఉంది. మరో రెండెత్తుల్లో ఆట కట్టు.

గుమ్మం దగ్గర తాత నిలబడి ఉన్నాడు.

“ఏటైనాదే గుంటా?”

“రాజుకి దండమెట్టీసినాను తాతా.”

“తప్పు నీది కాదే. నానే కదా నేర్పినాను” అన్నాడు. బస్సులో ఇంటిదాకా కుడిచేతిని తువ్వాల్లో చుట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నాతో ఆడేటప్పుడు చేతులు తొడల కింద పెట్టుకునేవాడు. పడవకు మాత్రం దండం మానలేదు.

ఇప్పుడు తాత లేడు, పడవ లేదు, ఆ మూత ఏ పొయ్యిలోకి పోయిందో తెలియదు. కిటికీలోంచి చూశాను. ఎదుటి అబ్బాయి చెక్ చెప్పాడు. నా కూతురు చేతులు తొడల కింద పెట్టుకుని, కదలకుండా బోర్డునే చూస్తోంది. అలా కూర్చోవడం నేనే నేర్పాను. ఆ దండం సంగతి దానికి తెలియదు, చెప్పడానికి నాకు భయం. కిటికీ ఊచ పట్టుకున్న నా చెయ్యి మాత్రం, ఎప్పుడు వెళ్లిందో, నా కళ్ల మీద ఉంది.