నాచు పళ్లేల కాపలా

అందరూ ఆమెను పురుగులక్క అంటారు. పరిశోధనశాలలో ప్లెక్టస్ అనే నులిపురుగులను సాకడం ఆమె పని. పేరు విని మొహం చిట్లించుకోనక్కర్లేదు. ఇవి ఎవరి పొట్టలోనూ దూరవు, ఎవరి పంట జోలికీ పోవు. గోడల మీది నాచులో, కుళ్లిన ఆకుల కింద, కంటికి ఆనకుండా, బాక్టీరియా తింటూ తమ మానాన తాము బతుకుతాయి. ఒళ్లంతా గాజులా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే గొట్టంలాంటి నోరు, దాని వెనక తిన్నది నలిపే ఉబ్బు, తోక చివరి జిగురు గ్రంథులు, అన్నీ బయటికే కనిపిస్తాయి. ఆ జిగురుతో తోక అంటించుకుని ఓ పట్టాన ఊడిరావు. పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకతో ఒక్కొక్కదాన్నే ఎత్తాలి. ఆ ఒడుపు ఆమెకే ఉంది. అదే ఆమె కొంప ముంచింది.

మొగుడూ కూతురూ వేరే ఊళ్లో ఉంటారు. అక్కడి శాఖకు బదిలీ అడిగినప్పుడల్లా పరిశోధనశాల పెద్ద మేడమ్‌ది ఒకటే పాట.

"వెళ్దువుగానిలే అమ్మా. ప్రాణమున్న జీవాలు, ఎవరికి అప్పగించను? వీటి పని అయిపోనీ."

వీటి పని ఎప్పటికవుతుంది? గుడ్లు పెడుతూనే ఉంటాయి. చాలావాటికి మగతోడు కూడా అక్కర్లేదాయె. పురుగులక్కకు ఒళ్లు మండిపోయేది.

చివరికి సెలవుల్లో తెగించింది. పురుగులను పెంచే నాచు పళ్లేలకు నీళ్లు పోయడం మానేసింది. గాజు పలక మీద నీటి చుక్క ఆరిపోతే అవి ఇట్టే చావడం ఎన్నోసార్లు చూసింది. పళ్లేల్లోనూ అంతే అనుకుంది. పాపం అనిపించినా మనసు రాయి చేసుకుంది. "ఈసారి వచ్చేస్తున్నానే బంగారం" అని కూతురికి ఫోన్లో మాట కూడా ఇచ్చేసింది.

సెలవులయ్యాక మేడమ్ పెళపెళలాడే నాచును చూసి నెత్తి కొట్టుకుంది. ఆశ చావక ఒక పళ్లెంలో నీళ్లు పోసింది. మధ్యాహ్నానికి, చుట్టచుట్టుకుని పడున్న పురుగులు మెల్లగా ఒళ్లు విరుచుకున్నాయి. నాచులో తడి నిదానంగా ఆరడంతో అవి చావలేదు, ప్రాణం ఉగ్గబట్టుకుని ఆగాయంతే.

"ఈ రకం ఇంతగా ఎండినా ఓర్చుకుంటుందని నేననుకోలేదు! దీనిమీదే కొత్త పరిశోధన మొదలుపెడదాం. అంతా నీ చేతి చలవే!"

"మేడమ్, మరి నా బదిలీ..."

"ఇప్పుడా? ఇప్పుడు నువ్వు లేకపోతే ఎలాగమ్మా?"

నేనే చంపబోయానని చెబితే ఉద్యోగం ఊడుతుంది. పురుగులక్క నీళ్ల సీసా అందుకుని మిగతా పళ్లేల వైపు నడిచింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది. "బంగారం, ఇప్పుడప్పుడే రాలేనే. ఇక్కడ పని పెరిగింది." పిల్ల ఏడుస్తుందనుకుని, ఊరుకోబెట్టడానికి మాటలు వెతుక్కుంటోంది.

"సరేలే అమ్మా. అత్త జడ వేస్తానంటోంది, పోతున్నా" అని పిల్ల ఫోన్ పెట్టేసింది.