అడ్వాన్సు కాగితంలో మా గోడ మచ్చ

మా వీధిలో ఎవరు ఇల్లు కిరాయికిచ్చినా అడ్వాన్సు కాగితం నేనే రాస్తాను. చదివింది పదో తరగతి. అయినా ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు, బోలెడంత గర్వం.

నా కాగితం పెద్దదేం కాదు. అడ్వాన్సు ఎంత ముట్టింది, ఏ రోజు ముట్టింది, ఖాళీ చేసిన రోజు ఎలా తిరిగివ్వాలి, అంతే. ఆ తర్వాత ఇంటివాళ్లనూ కిరాయివాళ్లనూ వెంటబెట్టుకుని గదిగదీ తిరిగి, అప్పటికే ఇంట్లో ఉన్న లోపాలన్నీ రాస్తాను. కారే నల్లా, బిగుసుకునే తలుపు, గోడకు దిగిన మేకులు, ఏదీ వదలను. కింద ఇద్దరి సంతకాలు పెట్టించి, చెరొక కాపీ ఇస్తాను.

మొదటి కాగితం మా ఇంటికే రాశాను. తూంకుంటలో మా మామ పంచిచ్చిన జాగాలో కింద మాకు, పైన కిరాయికి అని ఇల్లు కట్టుకున్న ఏడాది అది. పైకి దిగినవాళ్లు కోస్తా వైపు వాళ్లు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగస్తులు, ఒక చిన్న పాప. మూడు నెలల కిరాయి అడ్వాన్సుగా ఇచ్చి, ఆవిడ మెల్లగా అడిగింది.

"ఒక చిన్న రసీదు రాసిస్తారా అన్నయ్యగారూ?"

మా ఆయన మొహం మాడిపోయింది. "రసీదేంది మేడం? మాటంటే మాటే. మేం గట్లాంటోళ్లం కాదు."

నేనే లోపలికెళ్లి మా అమ్మాయి నోటుబుక్కు తెచ్చాను. రసీదుతో ఆపి ఉంటే గొడవే ఉండేది కాదు, కానీ నా చెయ్యి ఆగలేదు. పైన వంటింటి వెనక గోడకు చెమ్మ. వానలు పడితే నల్లగా మచ్చ తేలి పెచ్చులూడుతుంది. వీళ్లు ఇల్లు చూడడానికి వచ్చే ముందు మా ఆయన స్వయంగా దానిమీద రంగు కొట్టాడు. నేను అదీ రాశాను, గట్టిగా చదివి వినిపించాను. వాళ్లాయన కాస్త కిరాయి తగ్గించమన్నాడు, తగ్గించాం, దిగారు.

"ఇంటి గుట్టు లంకకు చేటు అంటరు. నేను ఇభీషణున్నే పెండ్లి జేసుకున్న," అని మా ఆయన వారం రోజులు సణిగాడు.

సణగనీ. నా కారణం దూలపల్లిలో ఉంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన అక్కడ చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు. ఒంటి గదిలో ఉండేవాళ్లం. మేం దిగేనాటికే పొయ్యి పెట్టుకునే గట్టు బండ చీలి ఉంది. ఖాళీ చేసిన రోజు ఇంటాయన ఆ బండ మేమే పగలగొట్టామని అడ్వాన్సు మొత్తం పట్టుకున్నాడు. మా దగ్గర కాగితం లేదు, సాక్షి లేడు. నేను గొంతు చించుకుని అరిచాను. మా ఆయన తల వంచుకుని సామాను ఆటోలోకి ఎక్కించాడు.

మూడేళ్లకు పైవాళ్లకు యాప్రాల్‌లో పాప బడి దగ్గర ఇల్లు దొరికింది. ఇక్కడి అడ్వాన్సు తీసుకెళ్లి అక్కడ కడితేనే తాళాలిస్తారు. సామాను లారీ గుమ్మంలో ఉంది. మా ఆయన పైకెళ్లి గోడ చూసి వచ్చాడు.

"గోడంత ఖరాబైంది మేడం. ఒక నెల కిరాయి పట్టుకుంట."

మాకు అప్పుడే బోరు మోటారు కాలిపోయింది, చేతిలో డబ్బు ఆడటం లేదు. ఆవిడ లారీ వంక చూసింది. "మా కాగితం ఏ డబ్బాలో కట్టేశామో అండీ..." అంటూ డబ్బాల తాళ్లు విప్పబోయింది.

ఆ కాగితం రెండో కాపీ నా బీరువాలో చీరల కింద ఉంది. నోరు మూసుకుంటే ఒక నెల కిరాయి మాకు మిగిలేది. నేను తెచ్చాను. వాకిట్లో నిలబడి, మొదటి వరుస నుంచి మచ్చ దాకా చదివాను.

"నువ్వెవల దిక్కే?" అన్నాడు మా ఆయన, పళ్లు నూరుతూ.

"దూలపల్లి బండ దిక్కు," అన్నాను.

ఆయన లోపలికెళ్లి డబ్బు తెచ్చాడు. తక్కువపడింది మూల దుకాణంలో చేబదులు తీసుకొచ్చి, పైసా తగ్గకుండా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మూడు రోజులు తన కంచం తనే పెట్టుకున్నాడు. నేను తగ్గుతానా, నేనూ వడ్డించలేదు.

ఆ నెలలోనే మా ఆయన దోస్తు, శామీర్‌పేటలో కొత్తగా ఇల్లు కట్టినతను, దిగబోయే కిరాయి మనిషిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కాగితం ఎవరు రాయాలో ఇద్దరికీ పొసగలేదట. నేను వంటింట్లోంచి వింటున్నాను.

"మా ఆమె రాస్తది," అన్నాడు మా ఆయన. "నేను రంగేసి దాసిన మచ్చనే బయటపెట్టిన మనిషి. ఇగ మీ ఇద్దర్ల ఎవల దిక్కు మొగ్గుతది?"

అందరం శామీర్‌పేట వెళ్లాం. కొత్త ఇంట్లో మా ఆయనే వెతికి నాకు కుర్చీ వేశాడు, పెన్ను మూత తీసి చేతికిచ్చాడు.

"రాయి," అన్నాడు. "గట్టు బండ కాడ మొదలువెట్టు."