కొత్త మూతకు కాపలా

రిటైరైన గుమాస్తాగారికి తాళం వేశాక కూడా అనుమానం తీరదు. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాగి చూస్తారు. ప్రహరీ పక్కన డ్రైనేజీ మూత విరిగితే, పక్కింటివాళ్లే ఏదో పడేశారని తేల్చేశారు. ఇవాళ మేస్త్రి కొత్త మూత పోసి, "రేపటిదాకా ఎవర్నీ తొక్కనివ్వకండి" అని వెళ్లగానే, కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. పిల్లిని కూడా నమ్మలేదు. ఇంతలో గోడవతల గుసగుసలు వినిపించాయి. అలవాటు చొప్పున వెళ్లి, మునివేళ్ల మీద లేచి తొంగిచూశారు. పక్కింటావిడ మొక్కలకు నీళ్లు పోస్తూ వాటితోనే కబుర్లాడుతోంది. ఏమీ దొరకనందుకు గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నారు.

టీ తెచ్చిన భార్య, తడి సిమెంటులో గోడకేసి దిగబడిన కాలివేళ్ల గుర్తుల్ని చూసింది. "ఏమండీ, పాతదాన్ని విరగ్గొట్టిన పక్కింటివాళ్లు వీళ్లేనా?"

"ఆ మేస్త్రి సిమెంటు తక్కువ వేశాడే," అన్నారాయన, బూడిదరంగు వేళ్లను మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంటూ.