షెడ్డులో ఆగని ఇంజన్

2024, మామిడి పూత కాలం. తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీద నా షెడ్డు. చిన్న ఇంజన్లు బాగుచేయడం నా పని. మందు కొట్టే స్ప్రేయర్లు, జనరేటర్లు, కలుపు తీసే మిషన్లు, ఏది తెచ్చినా కాదనను. పాతికేళ్లుగా ఇదే పని. తాడు లాగి ఒక్క నిమిషం వింటే జబ్బేమిటో చెప్పేస్తానని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకుంటే అనుకోండి, ఉన్న మాటే కదా.

ఆ పేరును మూడు రోజులు ముప్పుతిప్పలు పెట్టిన మిషన్ ఒకటుంది. పెనుగొలను నుంచి రత్నకుమారి అనే ఆవిడ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చారు. విస్సన్నపేటలో ఒకాయన దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ పవర్ స్ప్రేయర్. పెట్రోల్ ఇంజన్ పంపును తిప్పితే, పైపు చివరి గన్నులోంచి మందు చెట్టు కొసదాకా ఎగురుతుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పైపు లాక్కెళ్లేటప్పుడు ఇంజన్ తక్కువ వేగంతో నిలకడగా తిరుగుతూ ఉండాలి. దాన్ని ఐడ్లింగ్ అంటారు, మేం స్లో అంటాం.

"స్లోలో పెడితే పైకి లేత్తది, కింద పడతది, గుడగుడలాడి ఆగిపోతంది అన్నయ్యగారూ" అన్నారావిడ.

నేను ట్యాంకు మూత తీసి పెట్రోలు చూసి, మూత పైపైన పెట్టి తాడు లాగాను. ఇంజన్ పిల్లిలా గుర్రుమంటూ తిరిగింది. అయిదు నిమిషాలు చూశాను, తేడా లేదు. అయినా కార్బురేటర్ విప్పి కడిగాను. పెట్రోలునూ గాలినీ పాళ్లలో కలిపి ఇంజనుకు అందించేది అదే. ప్లగ్గు కూడా మార్చి, "ఇంక చూసుకోనక్కర్లేదమ్మా" అని పంపించాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆటో ఆగింది. పది నిమిషాలు కొట్టిందట, మళ్లీ అదే గుడగుడ. నేను మూత తీసి పెట్రోలు చూశాను, తాడు లాగాను, బ్రహ్మాండంగా తిరిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మిషన్లో ఏం లేదమ్మా. స్లోలో పెట్టడం మీకు తెలియట్లేదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఎనిమిదేళ్లుగా తోటలు చేత్తన్నానండీ. స్లో అంటే ఏంటో నాకు తెలుసు. మీ దగ్గర నడిచేది నా దగ్గర ఎందుకు నడవట్లేదో అది చెప్పండి ముందు."

ఆ తర్వాత ఆవిడే అసలు సంగతి బయటపెట్టారు. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. నాలుగెకరాల మామిడి తోట కౌలుకు తీసుకుని ఆవిడే చూసుకుంటున్నారు. పూత మీద తేనెమంచు పురుగు దిగింది. అది పూత రసం పీలిస్తే పిందె నిలవదు. అద్దె స్ప్రేయర్లు వారం దాకా దొరకవు. పోయినేడు కూడా కాపు దెబ్బతింది కాబట్టి, ఈసారీ పోతే తోట ఇంకొకరికి ఇస్తానని యజమాని ముందే చెప్పాడు. ఆ ఇంకొకరు ఎవరో కాదు, ఆవిడ మరిదే.

"విస్సన్నపేటోడు తుక్కు అంటగట్టాడు, ఆడోళ్లు మిషన్లు కొంటే ఇంతే అని ఊరంతా చెబుతున్నాడండీ మా మరిది. మీరొక్కసారి తోటకొచ్చి చూడండి అన్నయ్యగారూ."

షెడ్డు వదిలి తోటలకు వెళ్లే అలవాటు నాకు లేదు. కానీ మిషన్ నడవకపోతే ఆ మాట నా మీద కూడా పడేదే. మర్నాడు పనులన్నీ పక్కన పెట్టి బండి మీద పెనుగొలను వెళ్లాను. చెట్ల కింద ఆకులు జిగురు పట్టి మెరుస్తున్నాయి. కొమ్మ కదిపితే పురుగులు చిటపటమని లేస్తున్నాయి. రెండు రోజులు ఆలస్యమైతే ఆ పూత రాలిపోతుంది.

"నేను దేన్నీ ముట్టుకోనమ్మా. రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి" అని దూరంగా నిలబడ్డాను.

ఆవిడ ట్యాంకు నింపి, మూత బిగించి, తాడు లాగారు. స్లోలో పెట్టడంలో ఏ తప్పూ లేదు, నాకంటే పద్ధతిగా పెట్టారు. రెండు చెట్లు తడిశాయి. మూడో చెట్టు దగ్గర ఇంజన్ లేచింది, పడింది, గుడగుడలాడి ఆగిపోయింది.

నా చెయ్యి దానంతటదే మూత మీదికి వెళ్లింది. ఇంజన్ ఆగితే ముందు పెట్రోలు చూడటం మాకు అలవాటు. మూత మీద వేళ్లు పెట్టాక గుర్తొచ్చింది, షెడ్డులో రెండుసార్లూ నేను ముందు చేసిన పని ఇదే, తీసిన మూత మళ్లీ బిగించనేలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మూత జోలికి పోకుండా కార్బురేటర్ అడుగునున్న స్క్రూ వదులు చేశాను. పెట్రోలు నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. ట్యాంకు నిండా ఉంది, కిందికి మాత్రం దిగట్లేదు. ఇప్పుడు మూత మెల్లగా తిప్పాను. 'సుయ్'మని గాలి లోపలికి పీల్చుకుంది. ఆ వెంటనే కింద పెట్రోలు ధారగా పడింది.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. నూనె డబ్బాకు ఒకటే బొక్క పెడితే నూనె ఆగి ఆగి వస్తుంది, అందుకే రెండో బొక్క పెడతాం. ట్యాంకు మూతకు కూడా సూది మొనంత రంధ్రం ఉంటుంది, వెంట్ హోల్ అంటారు. పెట్రోలు దిగిన మేరకు గాలి లోపలికి వెళ్లే దారి అది. మూత నడిమధ్యన చూస్తే రూపాయి బిళ్లంత గంధం, దాని మీద కుంకుమ, ఎండి గట్టిపడి ఉన్నాయి.

"ఈ బొట్టు ఎప్పుడు పెట్టారమ్మా?"

"కొన్న రోజే నెమలి ఊళ్లో గుడికి తీసుకెళ్లి పూజ చేయించానండీ. బొట్టు నా చేత్తోనే పెట్టాను" అన్నారు. ఆ తర్వాత విషయం అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అయ్యో, ఆ విస్సన్నపేట ఆయన్ని ఎన్ని మాటలన్నానో!"

తుడుద్దామని నేను గుడ్డ తీశాను. ఆవిడ మూత మీద చెయ్యి అడ్డం పెట్టారు. "బొట్టు తుడవకండి అన్నయ్యగారూ, మనసొప్పదు." గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చారు. దాంతో బొట్టు మధ్యలో గుచ్చి రంధ్రం తెరిచాను. బొట్టు చెక్కు చెదరలేదు. ఇంజన్ సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఒకటిన్నర ఎకరం తడిసింది, మిగతాది మర్నాడు పూర్తి చేశారు.

బయల్దేరే ముందు, "మిషన్ నడపడం మీకు తెలియదన్నాను, తప్పు నాదేనమ్మా" అన్నాను. ఆవిడ నవ్వేశారు. పాతికేళ్లలో నేను బాగుచేసిన ఇంజన్లకు లెక్కలేదు కానీ, నాకు గర్వంగా గుర్తుండేది ఇదే. జబ్బు దాక్కున్నది బొట్టు కింద కాదు, నా అలవాటు కింద. అప్పటి నుంచి మిషన్ ఎవరు తెచ్చినా ముందు వాళ్లనే నడపమంటాను, నేను చేతులు కట్టుకుని చూస్తాను.

ఆ ఏడు తోట కాసింది, కౌలు ఆవిడకే నిలిచింది. మళ్లీ పూత వచ్చిన రోజుల్లో పెనుగొలను నుంచే ఒకాయన స్ప్రేయరు తెచ్చాడు. ఆగి ఆగి నడుస్తోందట. అలవాటు ఎంత మొండిదో చూడండి, నేను మూత మీద చెయ్యి వేయబోయాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండాగండి! మూత ముట్టుకోనివ్వద్దని మా వదిన మరీమరీ చెప్పి పంపించింది."