కాశీలో అక్కకు నేను చూపించిన గుడి

ఏడేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. మోయడం అలవాటైపోయింది కదా, పోయేదాకా ఇలాగే మోసేస్తే పోలేదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్న రోజులు చాలా ఉన్నాయి. పేరు రాయను. తెనాలిలో ఉంటాను. ఒక కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాను. ఇంతకంటే మీకు తెలియనక్కర్లేదు. తెలిస్తే మీరు కూడా నన్ను చూడగానే "అక్కకు కాశీ చూపించిన తమ్ముడు" అంటారేమోనని భయం. ఆ మాట చాలామంది అన్నారు. అన్నప్పుడల్లా తల వంచుకున్నాను. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

అక్క గురించి ముందు చెప్పాలి. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అక్కకు పదిహేడు. మరుసటి ఏడు ఆమెకు పెళ్ళయింది. నన్ను కూడా వెంటబెట్టుకునే రేపల్లెలో అత్తగారింటికి కాపురానికి వెళ్ళింది. తమ్ముణ్ణి కూడా తెచ్చుకుందా అని అక్కడి ఆడవాళ్ళు మొహం మీదే అన్నారట. "ఆఁ, తెచ్చుకున్నానండి" అందట. అంతే. నేను బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు నెలకోసారి బస్సెక్కి వచ్చేది, ఒళ్ళో పచ్చడి జాడీ పెట్టుకుని. హాస్టల్ గేటు దగ్గర జాడీ ఇచ్చి, నా చొక్కా కాలరు చూసి, మాసిపోయిందని తిట్టి, అదే బస్సులో వెనక్కి వెళ్ళేది. నాకేం చేసిందో చెప్పమంటే ఇలాంటివే గుర్తొస్తాయి. పెద్ద త్యాగాల్లా కనిపించవు.

అలాంటి మనిషి నన్ను అడిగింది ఒక్కటే. షుగర్ వల్ల చూపు మందగించడం మొదలైనప్పుడు, "పూర్తిగా పోకముందు ఒక్కసారి కాశీ చూపించరా" అంది. చూద్దాం అన్నాను. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, ఎండలన్నాను. రెండేళ్ళు గడిచాయి. చివరికి బయలుదేరే నాటికి ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడంలేదు. మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపట్టేది. ఇది కూడా తప్పే. కానీ నేను చెప్పాలనుకున్న తప్పు ఇది కాదు.

రైలు తొమ్మిది గంటలు ఆలస్యంగా కాశీ చేరింది. రెండు రోజులనుకున్నది ఒక సాయంత్రం, మర్నాడు మధ్యాహ్నం రెండింటి దాకా మాత్రమే మిగిలింది. నేను ముందే ఒక గైడ్‌ను మాట్లాడి ఉంచాను. మా ఇద్దరికే, మూడు గంటల టూర్. పడవలో ఘాట్‌లు, పాత సందులు, జైపూర్ రాజు మేడ మీద కట్టించిన నక్షత్రశాల, విశ్వనాథుడి గుడి. తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబం ఆ గైడ్‌ది. తెలుగు బాగానే మాట్లాడతాడు, కొంచెం హిందీ యాసతో. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "సార్, అమ్మగారి కోసమంటున్నారు కాబట్టి ముందు గుడికే వెళ్దాం. తెల్లవారుజామునే లైన్లో నిలబడితే చేత్తో తాకనిస్తారు. మిగతావి తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. అక్కరలేదు, ఆరింటికి పడవతోనే మొదలుపెడదామన్నాను. పొద్దుటి వెలుగులో ఘాట్‌లు చూడాలని నాకు ఉండేది. ముప్పై ఏళ్ళు పుస్తకంలో నల్లటి బొమ్మ చూపించి పాఠం చెప్పిన ఊరు అది. నాకూ ఒక ఆశ ఉండకూడదా? ఉండవచ్చు. కానీ ఆ ప్రయాణం ఎవరి కోసమో నాకు తెలుసు కదా.

పడవలో గైడ్ చెప్తున్న ప్రతి మాటకూ అక్క అటు తల తిప్పేది, అక్కడేమీ కనిపించకపోయినా. నీళ్ళలో చెయ్యి పెట్టి ఉంచింది. నేను ఫోటోలు తీసుకున్నాను. ఒడ్డుకొచ్చి సందుల్లో నడక మొదలైంది. ఆమె నా మోచెయ్యి పట్టుకుని అడుగు తడుముకుంటూ వస్తోంది. ఎద్దు వస్తే గోడకు నిలబెట్టాలి, మెట్టు వస్తే చెప్పాలి. గైడ్ ముందు నడుస్తూ ఏ ఇల్లు ఏ రాజు కట్టించాడో చెప్తున్నాడు, నాకు సగం వినిపించడంలేదు. విసుగొచ్చింది. ఈ మాట కూడా రాస్తున్నాను. నన్ను పెంచిన మనిషి నా చెయ్యి పట్టుకుని నడుస్తుంటే నాకు విసుగొచ్చింది.

విశ్వనాథుడి పెద్ద గుడి లైను ఒక మలుపు దగ్గర కనిపించింది. అక్కను ఒక అరుగు మీద కూర్చోబెట్టి నేను ముందుకెళ్ళాను. గైడ్ కనుక్కుని వచ్చి, గంటన్నర పడుతుందన్నాడు. ఫోనులూ సంచీలూ బయట పెట్టాలి. నేను నక్షత్రశాల గురించి ఆలోచిస్తున్నాను. ముందు ఇంకొంచెం తిరుగుదాం అన్నాను. అక్కను లేపి ఇంకో సందులోకి మళ్ళాం. అక్కడ ఒక చిన్న శివాలయం ఉంది. కాశీలో అడుగుకొకటి ఉంటుందిలెండి అలాంటిది. లోపల ఎవరో గంట కొట్టారు. అక్క ఆగిపోయింది.

"వచ్చేశామంట్రా?"

ఆ క్షణాన్ని ఏడేళ్ళుగా విప్పి చూసుకుంటూనే ఉన్నాను. ముందే అనుకుని చెప్పిన అబద్ధమా అది? కాదు. నోరు జారిందా? అదీ కాదు. అవునంటే గంటన్నర మిగులుతుందని ఆ క్షణంలో లెక్క తేలిపోయింది నాకు.

"వచ్చేశామక్కా. ఇదే."

"జనం లేరేంట్రా? ఇంత ఖాళీగా ఉందేంటి?"

"పొద్దున్నే కదా. అందుకే నిన్ను తొందరగా లేపింది."

గైడ్ వెనక్కి తిరిగి, "సార్, ఇది..." అని మొదలుపెట్టాడు. వద్దన్నట్టు చెయ్యి చూపించాను. నా మొహం వైపూ అక్క వైపూ చూసి, గుమ్మం బయటే ఉండిపోయాడు.

లోపల చిన్న చతురస్రపు గుంటలో లింగం. అక్క చేతులు పట్టుకుని కిందికి దించి దాని మీద పెట్టాను. రెండు చేతులతోనూ తడిమింది, పైనుంచి కిందిదాకా, పసిపిల్లకు నూనె రాస్తున్నట్టు. వచ్చేశాను తండ్రీ, వచ్చేశాను అంటూ ఏడ్చింది. అంత సంతోషంగా ఆమె ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ మొహం చూశాక చెప్పడం ఎలా అనిపించింది. ఇలా రాస్తే మీకు నేను కొంచెం మంచివాడిలా కనిపిస్తానేమో, కానీ అది పూర్తి నిజం కాదు. చెప్తే గైడ్ ముందు చులకనైపోతాననే భయమే ముందు వచ్చింది.

తర్వాత ఆమె చేసిన పని నేను ఊహించనిది. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ దేవుడికి వదిలేసి రావడం మా వైపు ఆనవాయితీ. ఇక జన్మలో దాన్ని నోట పెట్టరు. చాలామంది తెలివిగా అసలు ఇష్టంలేనివే వదిలేస్తారు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన కాకరకాయ వదిలేసి వచ్చి అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఆ సంగతి చెప్పి దారిలో ఆమెను ఆటపట్టించాను కూడా, నువ్వు సొరకాయ వదిలెయ్యి అక్కా, పీడా పోతుంది అని. నవ్వింది. ఇప్పుడు లింగం మీద చేతులుంచి, "ముంజలు వదిలేస్తున్నాను స్వామీ" అంది.

తాటిముంజలంటే ఆమెకు ప్రాణం. ఎండాకాలం రేపల్లెలో బండి కనిపిస్తే ఆగాల్సిందే. చెక్కిన కాయ చేతిలోకి తీసుకుని, బొటనవేలు పెట్టి నీరు చిందకుండా లాగి తినేది. నాకు తినడం నేర్పింది ఆమే. "అక్కా, అదెందుకు, ఇంకేదైనా వదులు" అన్నాను కంగారుగా. "ఇష్టం లేనిది ఇస్తే అది ఇచ్చినట్టెలా అవుద్దిరా?" అంది. ఎవరికి ఇచ్చింది? ఎక్కడ ఇచ్చింది?

బయటికొచ్చాక గైడ్‌ను పక్కకు పిలిచి, అమ్మగారు అలసిపోయారు, పెద్ద గుడి వద్దులే, నక్షత్రశాలకు పోదాం అన్నాను. అక్కడ అక్కను కింద మెట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, పైకి వెళ్ళి ముప్పావుగంట ఉన్నాను. గైడ్ అన్నీ వివరించాడు. ఒక్క ముక్క గుర్తులేదు. దిగి వచ్చేసరికి అక్క పక్కన ఎవరో తెలుగావిడ కూర్చుని ఉంది. "నా తమ్ముడండి. దగ్గరుండి చేతులతో తాకించాడు" అని చెప్తోంది ఆవిడతో. వెళ్ళేటప్పుడు గైడ్ వంగి అక్క పాదాలు తాకాడు. నాకు నమస్కారం పెట్టలేదు.

తొమ్మిదిన్నరకు గదికి చేరాం. రైలు రెండింటికి. మధ్యలో నేనేం చేశానో తెలుసా? టిఫిన్ తిని పడుకున్నాను. రెండు గంటలు నిద్రపోయాను.

ఊరికి వచ్చాక రేపల్లె వీధిలో అందరికీ ఆమె కాశీ కథ చెప్పింది. గంట మోత, చల్లటి రాయి, జనం లేని గర్భగుడి. విన్నవాళ్ళు ఆమె అదృష్టానికి ఆశ్చర్యపోయేవాళ్ళు. ప్రతి ఎండాకాలం బండివాడు పిలిచేవాడు, ఆమె వద్దు నాయనా, కాశీలో ఇచ్చేశాను అనేది. ఆ మాటలో ఎంత గర్వముండేదో. నేను ఏప్రిల్, మే నెలల్లో రేపల్లె వెళ్ళడం మానేశాను. ఎండలని చెప్పేవాణ్ణి.

నిరుడు వేసవిలో వెళ్ళక తప్పలేదు. అక్కకు గొంతులో కేన్సర్. రేడియేషన్ అయ్యాక నోరంతా పూసింది, నీళ్ళు మింగినా మంటే. చల్లగా, మెత్తగా ఏదైనా పెట్టమన్నారు డాక్టర్లు. ఆమె కూతురు బాపట్లలో టీచరు, సెలవు పెట్టి వచ్చి తల్లి దగ్గరే ఉంది. ఒక పొద్దున లేత ముంజలు తెచ్చి, పొట్టు తీసి, గిన్నెలో వేసి తల్లి చేతికిచ్చింది. అక్క ఒకటి వేళ్ళతో పట్టుకుంది. ముంజేనని తెలుసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలా ఉంది. తర్వాత గిన్నెలో వేసేసి పక్కకు జరిపింది. అప్పటికి మాట రావడం కష్టంగా ఉండేది. పైకి చెయ్యి చూపించి తల అడ్డంగా ఊపింది.

నేను మంచం పక్కనే ఉన్నాను. అక్కా, అది విశ్వనాథుడు కాదు, నువ్వు ఏ మొక్కూ మొక్కలేదు, తిను. ఇంతే చెప్పాల్సింది. చెప్తే ఆమె కాశీ పోతుంది, పోయేముందు అది కూడా లాగేసుకోవడం ఎందుకు అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత ప్రేమ కూడా ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ మేనకోడలు గదిలో లేకపోతే చెప్పేవాణ్ణేమో. అంటే ఏమిటి అర్థం? నా పరువు కోసం మా అక్క నోటి దగ్గర కూడు పోనిచ్చాను. ఆ తర్వాత నెలకే అక్క పోయింది. పెద్దకర్మ రోజు ఆమె అల్లుడు అందరి ముందూ నాకు కొత్త పంచె పెట్టి, కాశీ చూపించిన పుణ్యం మీదే మావయ్యగారూ అని కాళ్ళకు దండం పెట్టాడు. పెట్టనిచ్చాను.

అక్కడితో ఆగిపోయేది ఈ కథ. నేను చచ్చేదాకా నాలోనే ఉండేది. కానీ నెల క్రితం మేనకోడలు ఫోన్ చేసింది. కాశీకి టికెట్లు తీసుకుందట, నాకు కూడా. "అమ్మ చేతులు పెట్టినచోటే నేనూ చేతులు పెట్టాలి మావయ్యా. నువ్వే చూపించాలి" అంది. సరేనమ్మా అన్నాను. వారం రోజులు అన్నం సయించలేదు. పెద్ద గుడికి తీసుకెళ్ళి ఇక్కడే అనాలా? ఎంత తేలిక! అక్కకు చూపు లేదు, ఈ పిల్లకు ఉంది, అయినా ఇద్దరూ నన్ను ఒకేలా నమ్మారు. రెండోసారి ఆ మాట అనగలనా అని అద్దంలో చూసుకుని అడిగాను. అనగలనని తెలిసింది. అందుకే భయం వేసింది.

నేనే ఫోన్ చేసి మొత్తం చెప్పాను. సందు, గంట, గైడ్‌కు చూపించిన చెయ్యి. ముంజల సంగతి కూడా. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ రోజు టైమ్ లేదా మావయ్యా?"

లేదమ్మా అనవచ్చు. రైలు తొమ్మిది గంటలు లేటు, అది అందరికీ తెలుసు. ఆమె అదే వినాలనుకుంటోందని కూడా తెలుస్తోంది. ఆ ఒక్క మాట అంటే ఎప్పటికైనా క్షమిస్తుందేమో.

"ఉందమ్మా. చాలా ఉంది. నేను పడుకున్నాను."

ఫోన్ పెట్టేసింది. మూడు వారాలైంది, మళ్ళీ చేయలేదు. టికెట్లు ఉంచిందో, రద్దు చేసుకుందో తెలియదు. బాపట్ల వెళ్ళి గుమ్మంలో నిలబడదామని రెండుసార్లు తెనాలి స్టేషన్‌దాకా వెళ్ళి తిరిగొచ్చాను. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అడగాల్సిన మనిషి ఎలాగూ లేదు. కానీ ఆ రోజు ఫోన్ పెట్టేశాక కంచం ముందు కూర్చుని, చాలా రోజుల తర్వాత అన్నం తిన్నాను.