కొండమీది చర్చిలో వచ్చిన కంపు

దెయ్యాలన్నా మహిమలన్నా నాకు మొదట్నుంచీ నవ్వులాటే. అరకులోయలో రాజ్‌మా, మిరియాలు కొని అమ్ముకునే వ్యాపారిని నేను. గింజ చేత్తో పట్టి చూడనిదే నమ్మను. అందుకే ఇది చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది.

మా గోడౌన్‌లో కాటా వేసే దానియేలుది కొండమీది పల్లె. పోయిన వర్షాకాలంలో కాలికి పార తగిలిందని పనికి రావడం మానేశాడు. అలా ఇరవై రోజులు గడిచాయి. నేను ఒక్కసారీ చూడ్డానికి వెళ్ళలేదు. నేను పనిమీద విశాఖ వెళ్తున్నానని తెలిసి ఫోన్ చేశాడు.

“బావూ, ఆర్బరు పక్కన కొండమీద మేరీమాత సర్చి ఉంది గదా. నా పేరు సెప్పి ఓ కొవ్వొత్తి ఎలిగించి రా.”

“కాలెలా ఉంది?”

“సిన్న దెబ్బే. ఏటీ నేదు బావూ.”

సరేనన్నాను.

ఆదివారం పొద్దున్న మా తోడల్లుడితో కలిసి ఆ కొండెక్కాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. కింద ఓడలు కనిపిస్తున్నాయి. చర్చి అద్దంలా ఉంది. అప్పుడే తుడిచిన నేల ఇంకా తడారలేదు. పదకొండు గంటలప్పుడు కొవ్వొత్తి వెలిగించి, మనసులో దానియేలు పేరు తలుచుకున్నాను.

గుప్పున కంపు కొట్టింది.

హార్బరు చేపల వాసనేమో అనుకున్నాను. కాదు. చీము, కుళ్ళిన మాంసం, దానిలో ఏదో పసరు. ముక్కుతో ఆగలేదు, గొంతులోకి దిగి నాలుక మీద జిడ్డులా పరుచుకుంది. ఉమ్మి మింగాలన్నా అసహ్యమేసింది. కర్చీఫు అడ్డం పెట్టుకుంటే కర్చీఫు కూడా కంపే. చుట్టూ జనం కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ప్రార్థన చేసుకుంటున్నారు.

“ఏ వాసనా లేదన్నయ్యా, కొవ్వొత్తుల వాసనే కదా” అన్నాడు తోడల్లుడు.

గబగబా కొండ దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. చెప్పుల అడుగులు చూసుకున్నాను. చొక్కా వాసన చూసుకున్నాను. ఏమీ లేదు. గంట తర్వాత ఆ కంపు దానంతటదే పోయింది.

ఆ రాత్రికే అరకు తిరిగొచ్చి, మర్నాడు పొద్దున్నే దానియేలు ఇంటికి వెళ్ళాను. కొవ్వొత్తి సంగతి చెప్పాలని ఒకటి. నిజం చెప్పాలంటే, పనిలోకి ఎప్పుడొస్తాడో అడగాలని.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అదే కంపు. వెంట్రుకవాసి తేడా లేదు.

అతని భార్య సుక్రి కాలికి చుట్టిన గుడ్డ విప్పింది. చీలమండ దాకా నల్లబడిపోయింది. ఆకుపసరు ముద్ద కింద పురుగులు కదులుతున్నాయి. నాకు మొదట వచ్చిన ఆలోచన బయటికి పారిపోవాలని. ఆ ఆలోచన గుర్తొస్తే నామీద నాకే ఇప్పటికీ రోత.

జీపు మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అతనికి షుగరుందని అక్కడే తెలిసింది. మోకాలి కింద కాలు తీసేశారు. ఇంకో రెండు రోజులైతే మనిషే దక్కేవాడు కాదన్నారు.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో జీపులో సుక్రి అంది, “నిన్న పదకొండు గంటలకాడ మా పాకలో పార్దన అవతా ఉంటే ఇసిత్రం జరిగింది బావూ. ఓ గంటసేపు కంపే నేదు. ఇల్లంతా మైనం కాలిన వాసన. ఆ గంటే ఈడు నిద్దరోయాడు.”

విశాఖలో నాకు జరిగింది అప్పటికి నేనామెకు చెప్పలేదు.

ఆ కంపు నాకు ముందే తెలిసి ఉంటుందా అని చాలాసార్లు ఆలోచించాను. దెబ్బ తగిలాక అతను గోడౌన్‌కి రాలేదు. ఫోన్లో వాసన రాదు. కడుపు తేడా చేసుంటుందని తోడల్లుడు ఇప్పటికీ అంటాడు. సుక్రి మేరీమాత మహిమంటుంది. నాకు మాత్రం ఏమీ తెలియదు.

ఇప్పుడు దానియేలు స్టూలు మీద కూర్చుని కాటా వేస్తున్నాడు. “ఈపాలి ఇద్దరం ఎల్దాం బావూ” అంటాడు. నేను ఏదో పనుందని తప్పించుకుంటాను.

ఆ కంపుని నేను గంట భరించలేకపోయాను. అతను దాంతోనే అన్ని రోజులు పడుకున్నాడు, నా గోడౌన్‌కి అరగంట దూరంలో.