ఎండిన చెరువులో రాణమ్మ

చెరువు ఎండితే ముత్యాలప్పకు సంతోషం. శింగనమల చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఈ మాట పైకి అంటే వీపు విమానం మోత మోగుతుంది, అందుకే ఆయన ఎవరితోనూ అనలేదు. అలాగని ఆయన దుర్మార్గుడేం కాదు. నాలుగెకరాల మెట్ట ఉన్నవాడు. వాన పడితే వేరుశనగ విత్తుకుని, పడకపోతే మందుకొట్టే పంపులు, ఆయిలింజన్లు బాగుచేసుకుని బతికేవాడు. అలాంటి మనిషికి ఎండిన చెరువుతో ఏం పని అంటారా, చెప్తాను.

తొంభైల చివర్లో ఒకరోజు అంగట్లో బుడేన్ సాబ్ బెల్లం కొన్నాడు. బుడేన్ సాబ్ ఆ ఊరి రేకుల పనివాడు. నూనె డబ్బాలు కత్తిరించి గరాటాలు, కొలపాత్రలు, దీపపు బుడ్లు చేసేవాడు. ప్లాస్టిక్ వచ్చాక ఆయన కత్తెరకు పని తగ్గింది, మనిషికి తీరిక పెరిగింది. బెల్లం చుట్టిన కాగితం బెంగుళూరు పాతపేపర్ల కట్టల్లో వచ్చిన ఏదో విదేశీ పత్రికలోది. దాని మీద రంగుల బొమ్మలు. చక్రాల మీద ఒక ఇనప మేడ, దానికి పొగగొట్టాలు, పడవకున్నట్టు ముక్కు, చుట్టూ ఎర్రకోట్ల సిపాయిలు. బుడేన్ సాబ్ బెల్లం ఇంట్లో పడేసి, కాగితం పట్టుకుని తిన్నగా ముత్యాలప్ప దగ్గరికి వచ్చాడు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. ఇద్దరూ కలిసి బడిపంతులు రాఘవేంద్ర ఇంటికి పోయారు.

సారు చదివి నవ్వాడు. "ఇవి ఆటబండ్లప్పా. విక్టోరియా రాణి కాలంలో మనుషులు ఆవిరి బండ్లెక్కి చంద్రుడి మీదికీ అంగారకుడి మీదికీ పోయి యుద్ధాలు చేసినారని కల్పన. ఆ బండ్లు అంగట్లో కొనరంట. చేతికి దొరికిన సామాన్లతో సొంతంగా చేసుకుని, నేల మీద గళ్లు గీసుకుని, పాచికలేసి ఆడుకుంటారు."

"పిల్లోళ్లా సారూ?" అన్నాడు ముత్యాలప్ప.

"గడ్డాలు నెరిసినోళ్లే."

ముత్యాలప్ప ఆ బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. బండి కింద నేల ఎర్రగా ఉంది. అక్కడక్కడా గుండ్లు, మచ్చుకైనా ఒక చెట్టు లేదు. అది ఏ ఊరని అడిగితే, అంగారక గ్రహమని చెప్పాడు సారు.

"మన రాప్తాడు బీడు మాదిరే ఉండాదే," అన్నాడు ముత్యాలప్ప. ఇక ఆ రాత్రి నుంచి ఆయన మనిషి మనిషిగా లేడు.

మనలో మాట, పిచ్చి ఒకరికి పడితే ఊరు నవ్వి ఊరుకుంటుంది. ఇద్దరికి ఒకేసారి పడితే దానికి మందు లేదు. బుడేన్ సాబ్ రేకు కత్తిరించి, వంచి, తగరంతో మాటువేసి బండి ఒళ్లు చేసేవాడు. ముత్యాలప్ప దానికి ప్రాణం పోసేవాడు. పంపు నాజిల్ ఫిరంగి అయింది. సైకిలు హబ్బు కప్పులు చక్రాలయ్యాయి. అయిపోయిన టార్చి బ్యాటరీల ఇత్తడి టోపీలు పొగగొట్టాల మీదికి ఎక్కాయి. విరిగిన గొడుగు కమ్ములతో ఎనిమిది కాళ్ల నడిచే బండి ఒకటి లేచి నిలబడింది. మూడు గింజల శెనక్కాయ డొల్లకు దారాలు కట్టి, కింద అగ్గిపుల్లల తొట్టి వేలాడదీస్తే గాలిలో తేలే ఓడ తయారైంది. చింతగింజలకు ఎర్రరంగు పూస్తే రాణిగారి పటాలం. ఆవిరి బండికి నీళ్లు కావాలి కదా అని ప్రతి బండి వెనకా ఒక నీళ్ల ట్యాంకరు తగిలించారు. ఆ సీమదొరలకు ఈ ఊహ తట్టి ఉండదు, వాళ్లకేం, ఎక్కడ చూసినా నీళ్లే.

అన్నిటికంటే పెద్దది రాణమ్మ. మూర పొడుగు బండి, రెండంతస్తులు, నాలుగు పొగగొట్టాలు. దాన్ని చేయడానికి ముత్యాలప్పకు ఒక ఎండాకాలం పూర్తిగా పట్టింది. కిటికీలకు పాత ఎక్స్‌రే ముక్కలు అంటించాడు. లోపల ఎవరూ చూడని చోట కూడా ఒక కుర్చీ పెట్టాడు. "రాణి నిలబడుకోనే పోతాదా?" అని ఆయన వాదన.

ఆడటానికి గళ్లెక్కడ? ఆ గళ్లు చెరువే ఇచ్చింది. ఊరి చిన్న చెరువు ఎండి నెర్రెలు విచ్చినప్పుడు అడుగున ఒండ్రు పలకలు పలకలుగా పగిలింది. దేవుడే గీసిన గళ్లు. గవ్వలేసి ఎన్ని పడితే అన్ని పలకలు నడవాలి. నెర్రె రెండు వేళ్ల కంటే ఎడంగా ఉంటే వంతెన వేయనిదే దాటకూడదు. ప్రతి శుక్రవారం బుడేన్ సాబ్ జుమ్మా నమాజు చేసుకుని వచ్చాక ఆట. మిగతా రోజుల్లో బండ్లు ఎక్కడివక్కడే, వాటి మీద గంపలు బోర్లించి ఉండేవి. గొర్రెల నల్లప్ప మందను చుట్టూ తిప్పుకుపోయేవాడు. మొదట్లో నవ్వాడు గానీ తర్వాత్తర్వాత, "ఎవురు గెలుస్తాండారన్నా?" అని తనే అడిగేవాడు.

ముత్యాలప్పకు ఆట కంటే ఇష్టమైన పని ఇంకొకటి ఉంది. మిట్టమధ్యాహ్నం ఒక్కడే పోయి చెరువులో బోర్లా పడుకునేవాడు. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కంటితో రాణమ్మను చూసేవాడు. అట్లా చూస్తే రాణమ్మ కొండంత అయ్యేది. నిజం కొండలు దాని చక్రాల కిందికి జరిగేవి. ఎండకు గాలి అల్లాడుతుంటే పొగగొట్టాల్లోంచి పొగ లేచేది, నెర్రెలు లోయలయ్యేవి, ఎక్కడో దూరంగా ఆ చింతగింజలు వరస కట్టి నడిచేవి. ఆయన లోపలి కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఎవరూ పోని చోటికి బండి పోతూనే ఉండేది. ఇంట్లో అప్పూ లేదు, ఎండిన బోరూ లేదు, రేపూ లేదు. ఆ కాసేపు ఆయనంత సుఖపడ్డవాడు ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడని నా నమ్మకం.

"పొద్దన్నం తిని పోయినోడు, చెరువులో పీనుగు మాదిరి పండుకున్నాడంట, నల్లప్ప చెప్తాండాడు," అనేది ఆయన భార్య కదిరమ్మ. "ఇరుగూ పొరుగూ ముందర నా తల యాడ పెట్టుకోవాల?" అంటూనే గంపలో ముద్ద, ఊరుబిండి పచ్చడి సర్ది పంపేది.

రెండువేల రెండులో వాన లేదు. మూడులోనూ మొహం చాటేసింది. ఆడుతున్న యుద్ధం ఆ రెండేళ్లూ ఆగకుండా సాగింది. చివరికి రాణమ్మ, బుడేన్ సాబ్ కోటకు కూతవేటు దూరానికి వచ్చింది. కోట అంటే పాత కిరసనాయిలు స్టవ్వు బర్నరు, చుట్టూ రేకు గోడ. రాణమ్మ కోటలోకి దూరితే యుద్ధం ముగిసినట్టే. ఒక్క శుక్రవారం, గవ్వలు కాస్త మంచిగా పడితే చాలు.

సరిగ్గా అప్పుడే ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నారు. ఈసారి వాన పడితే ఒక్క చుక్క పోకూడదని, వంక నుంచి చెరువుకు వచ్చే కాలువలో పూడిక తీయాలని తీర్మానించారు. ఇంటికింత అని వంతులు వేశారు. ముత్యాలప్ప వంతు చెరువు నోటి దగ్గర పడింది. అందరూ తవ్వారు. ముత్యాలప్ప మాత్రం రేపు అన్నాడు, నడుం నొప్పి అన్నాడు, పార పిడి ఊడిందన్నాడు. నిజం ఆయనకొక్కడికే తెలుసు. శుక్రవారం అయిపోతే తవ్వుదామనుకున్నాడు. అంతలో వాన పడినా నీళ్లు చెరువులోకి రాకుండా ఉంటాయి కదా అనుకున్నాడు. అనుకుని, ఆ అనుకున్నందుకు తనను తానే అసహ్యించుకున్నాడు. అయినా పార పట్టలేదు.

మసీదులో వాన కోసం దువా చేసి వస్తున్న బుడేన్ సాబ్‌ను అడిగాడు. "ఏమని అడిగినావు సాబూ?"

"వాన కావాలనే అడిగినా," అన్నాడు బుడేన్ సాబ్. కొంచెం ఆగి తల వంచుకున్నాడు. "జుమ్మా దాటినాక అని లోపల్లోపలే అన్న్యా. అల్లా మాఫ్ చేయాల."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

బుధవారం మధ్యాహ్నం మబ్బు కమ్మింది. గాలి తిరిగింది. ముత్యాలప్ప పంపు విప్పుకుని కూర్చున్నాడు. మొదటి చినుకులు రేకుల మీద టపటపమన్నాయి. వీధిలో ఆడవాళ్లు, మగవాళ్లు బయటికి వచ్చి తడుస్తూ నిలబడ్డారు. వాన ఇక ఆగేది కాదని తెలుస్తూనే ఉంది. పార తీసుకుని ముత్యాలప్ప పరుగెత్తాడు. ఎక్కడికి పరుగెత్తుతున్నాడో కాలువ దాకా పోయేవరకూ ఆయనకే తెలియదు.

వంక నీళ్లు ఎర్రగా, నురగ కట్టుకుని, చెత్తా చొప్పా దొర్లించుకుంటూ వస్తున్నాయి. ఊరంతా తవ్విన కాలువలో చక్కగా వచ్చి, ఆయన వంతు దగ్గర పూడికకు కొట్టుకుని, గట్టు మీదుగా పొర్లి రాళ్లబీట్లోకి పోతున్నాయి. రెండేళ్లకు వచ్చిన నీళ్లు.

అటు చూస్తే చెరువు మధ్యలో గంపలు. ఇప్పుడు పోతే బండ్లు తెచ్చుకోవచ్చు. ఇంకొంచెం ఆగితే ఒండ్రు తడిసి మోకాళ్ల దాకా దిగబడుతుంది, మనిషన్నవాడు లోపలికి పోలేడు. తల మీద గోనెసంచి కప్పుకుని బుడేన్ సాబ్ గట్టు మీదికి వచ్చాడు. చెరువు వైపు చూశాడు, పొర్లిపోతున్న నీళ్లు చూశాడు. సంచి పడేసి గడ్డపారతో కాలువలోకి దిగాడు. ముత్యాలప్ప కూడా దిగాడు. ఇద్దరూ ఊపిరి తిప్పుకోకుండా తవ్వారు.

వెనకాలే కదిరమ్మ వచ్చింది.

"నేనే తవ్వలేదే," అన్నాడు ముత్యాలప్ప తల ఎత్తకుండా. "శుక్రారం దాకా వాన రాకుంటే బాగుండు అనుకున్యా. కావాలనే అనుకున్యా."

"తెలుసు."

"ఎప్పుట్నుంచి?"

"నీ వంతు ఒక్కటే పూడి ఉంటే ఊరంతా చూస్తాండాది, నాకు కండ్లు లేవా?" అంది. చీర చెంగు బిగించి కాలువలోకి దిగి, ఆయన చేతిలో పార లాక్కుంది. "పో. పోయి నీ రాణమ్మను తెచ్చుకో. ఇది నేను తవ్వుతా."

ఇన్నేళ్లలో ఆమె ఆ బండిని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ముత్యాలప్పకు దుఃఖం ముంచుకొచ్చింది. పోలేదు. మోకాళ్ల మీద కూర్చుని వట్టి చేతులతో పూడిక లాగడం మొదలుపెట్టాడు. లాగుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కదిరమ్మ ఓదార్చలేదు, పక్కనే తవ్వుతూ ఉండింది.

పూడిక తెగింది. నీళ్లు ముగ్గురినీ తోసుకుంటూ చెరువులోకి పోయాయి. మొదట నెర్రెలు తాగాయి. తాగినకొద్దీ పలకలు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. గంపలు తేలి పక్కకు పోయాయి. రాణమ్మ ముక్కు వంచి, పొగగొట్టాల దాకా దిగింది.

బుడేన్ సాబ్ గట్టెక్కి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ముత్యాలన్నా, నీ రాణమ్మ మునిగిపాయ. నా కోట ఇంకా పైనే కనబడతాండాది. గెలుపు నాది," అన్నాడు.

"నీదే సాబూ, గెలుచుకో," అని ముత్యాలప్ప మొహం తుడుచుకుని, కాలువ ఇంకొంచెం వెడల్పు చేయడానికి వంగాడు.